ఇసుక లెక్క

సిరిపురంలో నాలుగో అంతస్తు.
లిఫ్టులో మూడు వైపులా అద్దాలు,
ఎటు తిరిగినా నాకు నేనే దొరికిపోయాను.

"పేరు?" "కోరాడ దివాకర్."
"వయసు?" "ఇరవై ఆరు."
"ఉద్యోగం?" "డ్రెడ్జర్ మీద."
"అంటే?"
"సముద్రం అడుగున ఇసుక తోడి బీచ్ మీద పోస్తాం."
ఆ అమ్మాయి రాసుకుంది: ప్రైవేటు ఉద్యోగం.

డాక్టర్ హైమవతి గారు
పుచ్చకాయ బేరం చేసే మనిషిలా
నా తల అటూ ఇటూ తిప్పి చూశారు.
ఎర్ర పెన్సిలుతో నుదుటి మీద గీత గీశారు.
ఇంటర్లో నా జుట్టు అక్కడే మొదలయ్యేది.
ఆ గీతకీ ఇప్పటి జుట్టుకీ నడుమ
మూడు వేళ్ళ ఖాళీ జాగా.
మధురవాడలో అయితే ఈపాటికి
ఎవడో ఒకడు ప్రహరీ కట్టేసేవాడు.

మూడు వేల గ్రాఫ్టులు,
ఒక్కోటి ముప్పై ఐదు రూపాయలు.
నా తల మీద ఏదైనా ఇంత ఖరీదు చేస్తుందని
మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మొదట కనిపెట్టింది పైడిరాజు,
కంచరపాలెం గేటు పక్క సెలూన్లో.
"నాను సెప్పీదేటుంది బావూ,
దువ్వెనే సెప్తంది" అని
ముందుకి దువ్వి, పక్కకి మడిచి,
రెండేళ్ళు నా పరువు కాపాడాడు.
బీచ్ రోడ్డు గాలికి ఆ మడత నిలవదు.
మొన్న సంబంధం వాళ్ళు ఫోటో చూసి
మర్యాదగానే అడిగారు,
హెల్మెట్ లేనిది ఇంకోటి ఉందా అని.

సింహాచలం అప్పన్నకి
రెండుసార్లు ఇచ్చాను తలనీలాలు,
ఐదో ఏట ఒకసారి, ఉద్యోగం వచ్చాక ఒకసారి.
రెండుసార్లూ అడక్కుండానే మొలిపించాడు.
ఈసారి మొక్కు లేదు, టికెట్టు లేదు,
రోజూ తలగడ మీద కాసిని
తనే తీసుకుంటున్నాడు.

"కొత్త వెంట్రుక నేను పుట్టించను," అన్నారామె.
"వెనక నుంచి తీసి ముందు నాటుతాను.
వెనక ఉన్నది ఇంతే, జన్మంతటికీ.
మీ జుట్టు వెనక్కి నడవడం ఇంకా ఆగలేదు.
ఇవాళ నాటితే నాటింది నిలుస్తుంది,
దాని వెనకది జారిపోతుంది.
నలభై ఏళ్ళకి నుదుటి మీద
ఒంటరిగా ఒక దీవి మిగుల్తుంది."

నాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

పోయినేడు పాండురంగాపురం ఎదురుగా
పైపు పెట్టి పోశాం.
నల్లటి ఇసుకా నీళ్ళూ కలిసి
ఏనుగు తొండంతో చిమ్మినట్టు పడుతుంటే
పిల్లలు చప్పట్లు కొట్టారు.
నేను ఒడ్డు చేస్తున్నాననుకున్నాను.
తర్వాత ఒక అల్పపీడనం, రెండే రాత్రులు.
మూడో పొద్దుటికి
కొబ్బరి చెట్ల వేర్లు గాల్లో వేలాడుతున్నాయి.

అయినా మళ్ళీ పోస్తాం.
బుద్ధి లేక కాదు.
సాయంత్రమైతే ఊరు ఊరంతా
వచ్చి కూర్చునేది ఆ కాస్త జాగాలోనే.
అందుకే, పోయడమే వృథా అనే వాళ్ళతో
నేను కలవలేను.
నెత్తిన ఒత్తుగా ఉన్నవాళ్ళు
మనసు ముఖ్యం అంటుంటే
నాకు ఒళ్ళు మండుతుంది కూడా.

కానీ కెరటం ఎక్కడ ఆగుతుందో
ఇంకా కొలవలేదు కదా.

మందులు రాశారు. ఏడాది వాడమన్నారు.
నెలకో ఫోటో, అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో.
"అప్పటికీ కావాలనిపిస్తే రండి" అన్నారు.
అనిపించకపోతే ఏం చేయాలో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

బయటికొచ్చి, దిగువకి నడిచి,
బీచ్ గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ కొన్నాను.
పొట్లం కడుతూ ఆ ముసలాయన
నా నుదురు చూసి ఆగాడు.
"ఏటి బావూ, దెబ్బ తగిలీసిందేటి?"

గీత తుడుచుకోవడం మర్చిపోయాను.

"లేదు తాతా, కొలత" అన్నాను.
ఆయన ఇంకో గుప్పెడు పల్లీలు వేశాడు,
ఏమర్థమైందో మరి.

దూరంగా మా డ్రెడ్జర్ దీపాలు వెలిగాయి.
గాలి వచ్చి పైడిరాజు మడత విప్పేసింది.
చెమటకి గీత సగం చెరిగింది.
మిగతా సగం
ఇంటికెళ్ళేదాకా ఉండనిచ్చాను.